కారు పంకా కూత పెడితే

తిరుపతిలో కారుకు హీటరేమిటని చాలామంది నవ్వుతారు. నవ్వవలసిందే. మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద పోతూ, బయటి వేడి చాలక లోపల కూడా వేడిగాలి పెట్టుకునే మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుచేత ఆ ఎర్రగీత వున్న మీట జోలికే పోకుండా మనవాళ్లు పదేళ్లు కారు తోలేస్తారు. కాని హీటరుకొక పంకా, ఏసీకొక పంకా అంటూ మామూలు కార్లలో రెండు వుండవు. వున్నది ఒక్కటే. చలవగాలి రావాలన్నా, వెచ్చటిగాలి రావాలన్నా, ముందు అద్దానికి పట్టిన ఆవిరి పోవాలన్నా తోసేది ఆ పంకాయే. మెకానిక్కులు దాన్ని బ్లోయరంటారు. అది కీచుమన్నా, గరగరమన్నా మనం సాధారణంగా చేసే వైద్యం ఒకటే: రేడియో గొంతు పెంచడం.

ఊళ్లో తిరిగినంతకాలం ఇలా సర్దుకుపోవచ్చు. కొండదారిలో కుదరదు. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు కొత్తదాని మీద ఎక్కి పాతదాని మీద దిగుతున్నాం. ఈ ప్రాంతానికి ముసురు పట్టేది ఈశాన్య ఋతుపవనాలప్పుడు, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులోనయితే చరియలు విరిగిపడి కొండదారులే మూసివేయవలసి వచ్చింది. అంత వాన కాకపోయినా సరే, దర్శనం చేసుకుని సాయంత్రంవేళ దిగివచ్చే కారునొకదాన్ని తలచుకోండి. లోపల అయిదుగురు. ఇద్దరు గుండ్లు చేయించుకుని స్నానం చేసినవాళ్లు. తడిబట్టల మూట కాళ్ల దగ్గర వుంది. వాన పడుతున్నదని అద్దాలన్నీ బిగించారు. అందరి ఊపిరిలోని తేమా, ఆ తడిబట్టల తేమా పోయి పోయి చల్లబడ్డ ముందు అద్దం మీద పేరుకుంటుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి తోలేవారికి దారి కనిపించదు. పక్కనున్నవారు తువాలుతో తుడుస్తారు. తుడిచిన చోటే మళ్లీ పొగలా కమ్ముతుంది.

ఆ ఆవిరికి మందు పంకా గాలే. గాలిని ముందు అద్దం మీదికి మళ్లించి, ఏసీ వేస్తే గాలిలో తేమ తగ్గుతుంది. హీటరు కొంచెం కలిపితే అద్దం వెచ్చబడి ఆవిరి నిలవదు. బయటిగాలి వచ్చే మీట తెరిచి వుంచాలి. లోపలి గాలినే తిప్పుకుంటే లోపలి తేమే మళ్లీ తిరుగుతుంది. (ఒక్కోసారి ఏసీ గాలికి అద్దం మరీ చల్లబడి ఆవిరి బయటివైపు పడుతుంది. వైపరు ఒకసారి తిప్పితే పోయిందంటే అది బయటిదన్నమాట.) ఎర్రగీత మీటకు ఇంకొక ఉపయోగం కూడా వుంది. ఎండాకాలం ఘాటు ఎక్కుతుండగా ఇంజను వేడి ముల్లు పైకి పోతుంటే, ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, పంకాను గట్టిగా పెట్టండి. హీటరు లోపల వున్నది చిన్న రేడియేటరే కాబట్టి ఇంజను వేడి కొంత అటు దిగిపోతుంది. లోపలివాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. వీలైన చోట కారు ఆపేదాకానే గదా. వేడి మీద రేడియేటరు మూత మాత్రం తియ్యవద్దు. పంకా పడకేసిన కారులో ఈ ఉపాయాలేవీ పనికిరావు.

ఇక పంకా ఎందుకు అరుస్తుందో చూద్దాం. మనం ఇంట్లో చూసే మూడురెక్కల పంకా వంటిది కాదిది. గుండ్రటి డబ్బాకు చుట్టూ సన్నటి రేకులు నిలువునా పేర్చినట్టు వుంటుంది. బోనులో ఉడుత తిరిగే చక్రంలా వుంటుందని ఇంగ్లీషువాళ్లు దానికి ఉడుత పేరే పెట్టారు. మధ్యలో చిన్న కరెంటు మోటారు. బయటిగాలి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న జల్లెడలోంచి వస్తుంది. గాలితోపాటు ఆకూ అలమూ వస్తాయి.

అరుపును బట్టి జబ్బు చాలావరకు తెలుస్తుంది. ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళంచెవి తిప్పి, పంకాను ఒకటి నుంచి నాలుగు దాకా పెంచుతూ వినండి. పంకాతోపాటు చప్పుడు పెరిగితే దోషం అక్కడే. ఇంజను ఆడుతున్నప్పుడే వచ్చి, పంకా కట్టినా ఆగకపోతే అది వేరే చోట. దాన్ని మెకానిక్కుకు వదిలెయ్యండి. టకటకమంటే రేకులకు ఏదో తగులుతున్నది. కారంతా వణికినట్టు గరగరమంటే రేకుల్లో దుమ్ము గడ్డకట్టి ఒకవైపు బరువెక్కింది, లేదా ఒక రేకు విరిగింది. పొద్దున్నే కీచుకీచుమని, కాసేపటికి సద్దుమణిగితే మోటారు బుష్షు ఎండిపోయింది. చప్పుడుతోబాటు దుర్వాసన వస్తే ఎలుక కాపురం పెట్టిందని అనుమానించాలి. చప్పుడేమీ లేకుండా పంకా నాలుగో అంకెలోనే తిరిగి మిగతావాటిలో తిరగకపోతే, సాధారణంగా పోయింది మోటారు కాదు, దాని పక్కనుండే రెసిస్టరనే చిన్న ముక్క. ఈ తేడా తెలియక మోటారు కొన్నవాళ్లు వున్నారు.

కిందటేడు చిత్తూరు నుంచి మా తోడల్లుడు వచ్చాడు. దిగీదిగకముందే, “ఏమన్నా, చంద్రగిరి దాటినప్పటినుంచి ఈ కారు చిలకమాదిరి అరస్తా వుండాది. ఊళ్లో అడిగితే మోటారు మొత్తం మార్చాలంటా వుండారు,” అన్నాడు. విన్నాను. చిలక కాదు, టకటకే. కాఫీ తాగి ఇద్దరం కూర్చున్నాం.

మొదట బ్యాటరీ నెగెటివు తీగ విప్పి పది నిమిషాలు ఆగాము. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఇది తప్పనిసరి. పసుపుపచ్చ తొడుగులున్న తీగల జోలికి ఎప్పుడూ పోకూడదు. మన కార్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి పంకా ఎడమవైపు, కాగితాలు పెట్టుకునే పెట్టె వెనకాల వుంటుంది. ఆ పెట్టె రెండు చెంపలూ లోపలికి నొక్కితే ముందుకు వాలుతుంది. వెనక గాలి ఫిల్టరు కనిపించింది, మట్టి అట్టలా వుంది. దానికి కింద, బోర్లించిన గిన్నెలాంటి తొడుగే పంకా మోటారు. తీగల ప్లగ్గు నొక్కి లాగి, మూడు స్క్రూలు విప్పితే చేతిలోకి దిగింది. (ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోకుండా విప్పేముందు సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. స్క్రూలు పళ్లెంలో పెట్టండి, కారు చాప మీద వద్దు.) కొన్ని కార్లలో పంకా దాకా పోవడానికి డాష్‌బోర్డంతా విప్పాలి. అటువంటిది ఇంటిపని కాదు.

చక్రం నిండా చింతాకు! చిత్తూరులో కారు పెట్టేది చింతచెట్టు నీడనట. చింతాకు ఎంత సన్నమో తెలుసు గదా. జల్లెడ దానికి అడ్డమే కాదు. దాంతోపాటు ఒక ఎండు ఈనె రేకుల మధ్య ఇరుక్కుని గోడకు కొట్టుకుంటున్నది. అంతే జబ్బు. పాత పళ్లబ్రష్షుతో రేకులు దులిపి, తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాము. మోటారును నీళ్లలో ముంచకూడదు. రేకులకు చిన్న ఇనుప క్లిప్పు కనిపిస్తే పీకకూడదు. అది చక్రం తూకం సరిచెయ్యడానికి పెట్టినది. చేత్తో తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. మోటారు ఖర్చు మిగిలింది.

చేత్తో తిప్పినా బిగుసుగా వున్నా, ఇరుసు అటూ ఇటూ ఊగినా కథ వేరు. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క బుష్షు దగ్గర వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది. ఎక్కువ వేస్తే నూనె లోపలి కార్బను ముక్కల దాకా జారి మోటారునే చెడుపుతుంది. ఎలాగూ అది తాత్కాలికం. బిగుసుకుపోతున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ప్లగ్గు వేడెక్కి కరుగుతుంది, ఫ్యూజు పోతుంది. అప్పుడు కొందరు ఇంకా పెద్ద ఫ్యూజు వేస్తారు, కొందరు రాగితీగ చుడతారు. కారు తగలబడే దారి అదే. అటువంటి మోటారును మార్చవలసిందే. చక్రంతో సహా కొనడం మంచిది. పాతదాన్ని వెంట తీసుకుపోయి ప్లగ్గు, స్క్రూరంధ్రాలు, చక్రం తిరిగే దిక్కు మూడూ సరిచూసుకోండి. దిక్కు తప్పితే పంకా తిరుగుతుంది గాని గాలి సరిగా రాదు.

ఎలుక గూడు తగిలితే మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, గూటిని తడిపి తియ్యండి, పొడిగా దులపవద్దు. తీగలు కొరికిందేమో కూడా చూడండి.

పెట్టె మూసేముందు బ్యాటరీ తగిలించి ఒకసారి నాలుగు అంకెలూ తిప్పి వినాలి. మా తోడల్లుడు కొత్త ఫిల్టరు కొని వేసుకున్నాడు. చింతనీడ మాత్రం వదలలేదు, ఆ వీధిలో వేరే నీడ లేదట. అందుకని వారానికొకసారి బానెట్టు ఎత్తి వైపర్ల కింద ఆకు ఏరెయ్యమనీ, కారు నిలిపేముందు బయటిగాలి మీట మూసెయ్యమనీ చెప్పి పంపించాను.