సంచి మూతి కుట్టుటకు ముందు

చెరకు పండించు రైతునకు కాలము విలువను ఒకరు చెప్పవలసిన పనిలేదు. నరికిన గడ ఎండలో పడియున్న ప్రతి దినమును తూకము తగ్గును, అందలి చక్కెరయు తగ్గును. బోధను శక్కర్‌నగరునకు బండ్లు తోలిన కుటుంబములకెల్ల ఇది అనుభవమున తెలిసిన సంగతియే. 1937లో స్థాపింపబడిన ఆ చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు తగ్గిన పొలములలో నేడు వరియు మక్కజొన్నయు పండుచున్నవి. పంట మారినది గాని, దానితోపాటు మారవలసిన జాగ్రత్త మనకింకను పూర్తిగా అలవడలేదు.

మక్కజొన్న చెరకు వంటిది కాదు. కంకి విరిచి కల్లములో కుప్పవేసిన పిదప అది చెడుచున్నట్లు పైకి కనబడదు. వానకు తడిసినచో తూకము తగ్గుటకు మారు పెరుగును. అందుచేత మనము దానియెడ నిదానింతుము. ఆ నిదానమున ఎంతటి ప్రమాదము దాగియున్నదో హైదరాబాదు శాస్త్రజ్ఞులు కొందరు ఏబదియేండ్ల క్రిందటనే పరిశోధించి వ్రాసిరి. వారి వ్రాతలు ఆంగ్లమున వైద్య పత్రికలలో అచ్చయి గ్రంథాలయములకు చేరినవి, కల్లములకు చేరలేదు. వానిని మన సంఘ సభ్యుల యెదుట ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఆ శాస్త్రజ్ఞులు పనిచేసినది జాతీయ పోషకాహార సంస్థలో. ఈ సంస్థ 1918లో కూనూరునందు రాబర్టు మక్కారిసన్ అను వైద్యుని ఆధ్వర్యమున, బెరిబెరి వ్యాధిని పరిశోధించు చిన్న విభాగముగా ఆరంభమైనది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనే తార్నాకలో స్థిరపడినది. 1969లో దానికి ఇప్పటి పేరు వచ్చినది. అందు పనిచేసిన కె.ఏ.వి.ఆర్. కృష్ణమాచారి, ఆర్.వి. భట్ అను ఇరువురి పేర్లు మనము ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనదగినవి.

శాస్త్రజ్ఞుని యోగ్యతను ఆయన ప్రకటించిన పత్రముల సంఖ్యనుబట్టి కొలుచుట విద్వాంసుల వాడుక. కర్షకునకు ఆ సంఖ్యతో పనిలేదు. ఏ పల్లెలో ఎవరికేమి జరిగినది, అది మరల జరుగకుండ మనమేమి చేయవలెను అను రెండు ప్రశ్నలకు ఆ పత్రము జవాబు చెప్పుచున్నదా లేదా అనునదే మనకు కావలసినది. వీరి పత్రములను ఈ దృష్టితో చదివినచో, ఒక్కొక్కటి ఒక్కొక్క పల్లె కథవలె తోచును.

వానిలో ముఖ్యమైనది 1975లో లండనునుండి వెలువడు లాన్సెట్ పత్రికలో అచ్చయినది. దానిని వ్రాసినవారు నలుగురు: కృష్ణమాచారి, భట్, నాగరాజన్, తిలక్. 1974 సంవత్సరము చివరి నెలలలో రాజస్థానములోని బాంస్‌వాడా, గుజరాతులోని పంచమహల్ అను ఇరుగుపొరుగు జిల్లాలలో నూటయేబదికి మించిన పల్లెలయందు ఒక వ్యాధి బయలుదేరెను. మొదట కామెర్లు, పిమ్మట పొట్టలో నీరు చేరి ఉబ్బుట, అనేకులకు మరణము. వ్యాధి సోకినవారు 397 మంది. వారిలో 106 మంది చనిపోయిరి.

కామెర్లు అనగానే అంటువ్యాధి యని తలచుట సహజము. కాని ఇచ్చట వ్యాధిగ్రస్తులందరి ముఖ్యాహారము మక్కజొన్నయై యుండెను. అంతకంటె విశేషమేమన, ఇంటివారితోపాటు ఆ తిండియే తిన్న పెంపుడు కుక్కలకు సైతము పొట్ట ఉబ్బి, కామెర్లు వచ్చి, అవియు చచ్చెను. ఒకే రొట్టెను తిన్న మనుష్యునకును కుక్కకును ఒకే వ్యాధి వచ్చినప్పుడు, ఆ రొట్టెను పరీక్షింపక తప్పదు. విచారింపగా తెలిసినదేమన, కోతకు ముందు అకాల వర్షములు కురిసి కంకులు తడిసినవి. ఆ తడి గింజలనే చాలినంత ఎండబెట్టక ఇండ్లలో నిలువ చేసికొనిరి. బూజు పట్టినను, వేరు తిండి లేనందున దానినే తినిరి.

ఆ గింజలలో అఫ్లటాక్సిన్ అను విషము కిలోకు 6.25 మొదలు 15.6 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన దేశపు ఆహార భద్రతా నియమముల ప్రకారము ధాన్యములలో ఈ విషము కిలోకు 15 మైక్రోగ్రాములకు మించరాదు. వేయి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. అనగా ఆ పల్లెల ప్రజలు తిన్న మక్కలలో ఈ హద్దునకు నాలుగువందల రెట్లకు పైగా, కొన్నిటిలో వేయిరెట్లకు మించి విషముండెనన్నమాట.

ఈ విషమును లోకము గుర్తించినది 1960లో. ఆ యేట ఇంగ్లండునందు లక్షకు మించిన టర్కీకోళ్లు కారణము తెలియని వ్యాధిచే చచ్చినవి. వానికి పెట్టిన వేరుసెనగ పిండిలో ఒక పసుపుపచ్చని బూజు పెరిగి విషమును పుట్టించినట్లు పిదప బయటపడెను. గింజలో తేమయు, గాలిలో వెచ్చదనమును కలసినచోట ఈ బూజు పెరుగును. పురుగు కొట్టిన గింజలోనికి, దెబ్బతిని పగిలిన గింజలోనికి మరింత సులభముగ ప్రవేశించును. బూజును దులిపివేసినను లోపలి విషము పోదు. ఎండబెట్టినచో కొత్త బూజు పెరుగుట ఆగును గాని, అప్పటికే చేరిన విషము తొలగదు. మనము ఇంట వండు వేడికి అది నశింపదు. కొద్దికొద్దిగా చిరకాలము లోనికి పోయినచో కాలేయమునకు పుట్టకురుపును కలిగించునని ప్రపంచారోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగము నిర్ధారించినది.

ఇచ్చట ఈ వ్యాసకర్త తన తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట, దసరా వెళ్లిన పిదప పట్టిన ముసురులో, నిజాంసాగరు కాలువ క్రింది ఒక పల్లెలో ఒక పెద్దరైతు మక్కల కుప్ప తడిసి బూజుపట్టెను. మంచి గింజలను ఏరి ఎండబెట్టి అమ్ముకొమ్మనియు, నల్లబడినవానిని పశువులకు పెట్టుమనియు సలహా చెప్పితిని. అంతట ఆయన, "సారూ, మన కడుపుకు పనికిరానిది బర్రె కడుపుకు ఎట్ల పనికొస్తది?" అని అడిగెను. పశువునకు అరుగుదల శక్తి ఎక్కువ యని బదులు చెప్పి వచ్చితిని. ఆయన నా మాటను మన్నించెను. ఆ బర్రె పాలు ఆ యింటి పసిపిల్లలు త్రాగుచుండిరి.

పశువు తిన్న అఫ్లటాక్సినులో కొంతభాగము రూపము మారి పాలలోనికి దిగునని నేను తరువాత చదివితిని. పాలలో అది కిలోకు అర మైక్రోగ్రామునకు మించరాదని మన దేశమున నియమము. ఆ యింట ఎవరికిని కీడు కనబడలేదు. కాని కీడు కనబడకపోవుట నా సలహా సరియైనదనుటకు ఋజువు కాదు. ఆ రైతు అడిగిన ప్రశ్నయే శాస్త్రము. నేను చెప్పిన జవాబు కాదు. బూజుపట్టిన గింజను మనుష్యునకే గాక పాడిపశువునకును, కోళ్లకును పెట్టరాదు. దానిని వేరుచేసి పూడ్చివేయవలెను.

ఆ సంస్థవారి తక్కిన పత్రములును ఇదే దారిని చూపుచున్నవి. 1976లో కృష్ణమాచారి, భట్ సజ్జకంకులకు పట్టు ఎర్గట్ తెగులును గూర్చి వ్రాసిరి. ఆ తెగులు గడ్డలు కలసిన సజ్జలు తిన్నవారికి వాంతులు, తలతిరుగుడు, నిద్రమత్తు కలిగెను. 1977లో సర్గుజా జిల్లా గిరిజనుల పొట్టలు ఉబ్బు వ్యాధినిగూర్చి మరియొక పత్రము వెలువడెను. జనుము జాతికి చెందిన ఒక కలుపుమొక్క గింజలు వారి చిరుధాన్యములో కలియుటయే దానికి కారణము. 1987లో కాశ్మీరు లోయయందు వానకు చెడిన గోధుమల రొట్టెలు తిని జనులు జబ్బుపడిన వృత్తాంతమును భట్ తన సహచరులతో కూడి 1989లో లాన్సెట్‌లో ప్రకటించెను. 1995లో మన దక్కను పీఠభూమియందే కొన్ని పల్లెలలో, అకాల వర్షమునకు తడిసిన జొన్నలు, మక్కలు తిన్నవారికి కడుపునొప్పియు విరేచనములును పట్టుకొనెను. ఆ గింజలలో ఫ్యుమోనిసిన్ అను మరియొక బూజు విషము కనబడినట్లు 1997 నాటి పత్రము చెప్పుచున్నది.

ఈ పత్రములన్నిటిని వరుసగా చదివినవారికి ఒక సంగతి స్పష్టమగును. తెగులు, కలుపు పొలములోనే పుట్టినవి. వాన దైవికము. కాని వీనిలో ఏదియైనను కంచములోనికి వచ్చినది గింజను ఎండబెట్టి, ఏరి, సంచిలో నింపు ఆ కొద్ది దినములలో జరిగిన ఏమరుపాటుచేతనే. సంచి మూతి కుట్టిన పిమ్మట లోపలి గింజను ఎవరును చూడరు. కావున చూడవలసినది అంతకుముందే.

సంచిని గూర్చియు రెండు మాటలు. గోనెసంచికి గాలి ఆడును. ఎండిన గింజకు అది మంచిదే గాని, తడినేలపై పెట్టినచో అడుగునుండి చెమ్మను పీల్చుకొనును. దాని క్రింద కఱ్ఱలో బల్లలో వేసి, గోడకు జానెడు దూరముగ ఉంచవలెను. ప్లాస్టిక్ సంచికి గాలి ఆడదు. తడి గింజను అందు పోసి కట్టినచో లోపల చెమటపట్టి బూజు త్వరగా పెరుగును. గాలి చొరని పొరల సంచులను అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయపు లారీ మర్డాక్ బృందము 1980ల చివర ఆఫ్రికాయందు కామెరూన్ దేశపు అలసంద రైతులకొరకు రూపొందించినది. లోపల రెండు పాలిథిన్ పొరలు, పైన ఒక నేతసంచి యుండును. ప్రాణవాయువు అందక పురుగు చచ్చును. కాని ఇదియు బాగుగ ఎండిన గింజకే. తడి గింజను ఏ సంచియు బాగుచేయజాలదు.

ఎరువుల సంచిని, పురుగుమందు డబ్బాలు మోసిన సంచిని తిండిగింజలకు ఎన్నడును వాడరాదు. 1958లో కేరళయందు నూరుమందికి పైగా మరణించినది ఇట్టి కలయికవలననే. ఓడలో పారాథియాన్ అను పురుగుమందు కారి ఆహార పదార్థములలో కలసినది. అవి ఇండ్లకు చేరినవి.

ఇక మనము చేయగలిగినది. సంచిలో నిలువ చేయు మక్కలలో తేమ నూటికి 13 పాళ్లకు మించకుండుట మేలు. తేమ కొలుచు యంత్రము ఇంటింట ఉండదు. దానికొక సులభమైన పరీక్ష కలదు. పొడి గాజుసీసాలో మూడవవంతు గింజలు పోసి, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి ఒక నిమిషము బాగుగ కదిలించి, పావుగంట ఉంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొనినచో తేమ 15 పాళ్లకు మించియున్నది; ఆ గింజ సంచికి తగదు. అంటుకొననిచో మరి రెండెండలు చూపించి నింపవచ్చును. పసుపు కొమ్ములను సైతము నేలమీద గాక టార్పాలిన్‌మీద ఎండబెట్టవలెను. ఐరోపా దేశములలో పసుపునందు అఫ్లటాక్సినులు అన్నియు కలసి కిలోకు 10 మైక్రోగ్రాములు మించినచో సరకును తిరస్కరింతురు. నిజామాబాదు పసుపు పేరు మన కల్లములమీదనే ఆధారపడియున్నది.

కొనుగోలు కేంద్రమునందు తేమ ఎక్కువ యని సంచి వెనుకకు వచ్చినప్పుడు మనకు కోపము కలుగును. ఆ రోజు కూలియు, బండి బాడుగయు నష్టమేగదా. ఆ నష్టము ఒక్కొక్క రైతు మోయదగినది కాదు, సంఘము మోయదగినది. సభ్యులందరి వాడుకకు తేమ యంత్రములు రెండు, కోతకాలమున బాడుగకు ఇచ్చుటకు టార్పాలిన్లు చాలినన్ని సంఘము కొనవలెనని నా మనవి. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. ఆ సమావేశమునకు వచ్చు సభ్యులు తమ తమ యిండ్లలోని మక్కలను ఒక్కొక్క దోసెడు తెచ్చినచో, సీసాలును ఉప్పును నేను తెచ్చెదను.