కప్పుచ్చీనొలో ఊనిక ఎక్కడ?

దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ లాంటి పాతపేటలో ఉంటే రోజూ కాఫీ షాపు బోర్డుల మీద కాపుచినో, పానీని, స్పఘెటీ కనిపిస్తూనే ఉంటాయి. ఈ ఇటాలియన్ మాటలను ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊనాలి?

మూడూ చిన్నదనం చెప్పే పేర్లే. పానె అంటే రొట్టె, పనీనొ అంటే చిన్న రొట్టె. పనీని దానికి బహువచనం. (మన వ్యాకరణకర్త పాణినికి ఇందులో వాటా లేదు.) స్పాగొ అంటే పురికొస, స్పగెట్టి అంటే సన్న పురికొసలు.

పానెలోని ‘పా’ పనీనొకి వచ్చేసరికి ‘ప’ అయింది, చూశారా? కిటుకంతా అక్కడే ఉంది. -ఈనొ, -ఎట్టొ, -ఎల్లొ అనే ప్రత్యయాలు ఊనికను తమవైపు లాగేసుకుంటాయి. ఇటాలియన్‌లో దీర్ఘం ఊనికను అంటిపెట్టుకుని తిరుగుతుంది. అది పోతే ఇదీ పోతుంది. బల్లను తావొలొ అంటారు, ఊనిక ‘తా’ మీద. చిన్నబల్ల తవొలీనొ, ఊనిక ‘లీ’ మీద.

మరి స్పగెట్టిలో దీర్ఘమేదీ? అక్కర్లేదు. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువని మన ఛందస్సు చెప్పనే చెప్పింది. ‘ట్టి’ని వాళ్లు రెండుగా చీల్చి స్ప-గెట్-టి అంటారు, మనం ఒత్తును కిందికి రాసి, బరువు మాత్రం ముందక్షరానికే ఇస్తాం. కప్-పుచ్-చీ-నొలో మన లెక్కకు మొదటి మూడూ గురువులే. ఊనిక మాత్రం ఒక్క ‘చీ’కే.

చిన్నదనం చెప్పే ఈ పనిని అరబ్బీ పదం కడుపులో చేస్తుంది. కూత్ అంటే కోట, కువైత్ చిన్న కోట. బహ్ర్ సముద్రం, బుహైర చెరువు. ఊనిక ఆ ‘ఐ’ ఉన్న అక్షరం మీదే. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌కి అట్టే దూరం లేని ముషైరిబ్ పేట పేరుదీ ఈ మూసే. అక్కడ ఊనిక లేని ‘ము’ దీర్ఘం సంగతి అటుంచి, ఉన్న పొట్టి అచ్చునే పోగొట్టుకుంది: మెట్రో స్టేషన్ బోర్డు మీది ఇంగ్లిష్ అక్షరాల్లో అది ‘మ్‌షైరెబ్’.

హసన్‌కి చిన్నరూపం హుసైన్. మన నోట హుస్సేన్ అయి, అరబ్బీలో లేని ద్విత్వం తెచ్చుకుంది. ఇంగ్లిష్ మీదుగా వచ్చిన కాపుచినోకేమో ఉన్న రెండు ద్విత్వాలూ ఊడిపోయాయి.