విండోస్ 10 నుంచి 11కి వెళ్ళాలా? మన డీటీపీ షాపుల లెక్క వేరే ఉంది

ఈ ఎపిసోడ్ చెయ్యమని చాలామంది అడిగారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయింది కదా, అప్పట్నుంచి ఒకటే మెసేజ్‌లు. "బ్రో, 11 వేస్తే స్లో అవుద్దా?", "బ్రో, వెయ్యకపోతే ఏమైనా అవుద్దా?" స్టూడెంట్లకీ, ఇంటి దగ్గర్నుంచి ఆఫీసు పని చేసుకునేవాళ్ళకీ దీని సమాధానం చిన్నదే. మీ మెషీన్ తీసుకుంటానంటే వేసేయండి, దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు.

కానీ రాజోలు వైపు డీటీపీ షాపు నడిపే ఒకాయన అడిగింది అంత తేలిక కాదు. "బాబూ, నాకున్నది ఒకటే కంప్యూటర్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే. పదిహేనేళ్ళ శుభలేఖలు, కరపత్రాలు అందులోనే. ఆధార్ ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, బ్యాంకు పని కూడా దాంట్లోనే. సర్వీసు కుర్రాడు 11 వేసేస్తానంటున్నాడు. వేయించుకోనా?" అన్నారు. అమలాపురం, కొత్తపేట, రావులపాలెం ఎక్కడ చూసినా ఇలాంటి షాపులే. ఆయనకి చెప్పాల్సిన సమాధానమే ఇవాళ మనందరికీ చెప్తాను, ఎందుకంటే అందులో మిగతావాళ్ళ సంగతి కూడా వచ్చేస్తుంది.

ముందు సపోర్ట్ ఆగడం అంటే ఏంటో చూద్దాం. కంప్యూటర్ ఆగిపోదు. నిన్న ఎలా ఆన్ అయిందో ఇవాళా అలాగే ఆన్ అవుద్ది. మన ఏటిగట్టు సంగతి తెలుసు కదండీ, వానాకాలం ముందు ఎక్కడ బలహీనంగా ఉందో చూసి మట్టి పోస్తారు. ఒక ఏడాది ఎవరూ పొయ్యలేదనుకోండి, మర్నాడే గండి పడదు. గోదారి పెరిగిన రోజున తెలుస్తుంది. విండోస్ 10 ఇప్పుడు ఆ గట్టు లాంటిది. అందులో కొత్తగా కన్నాలు బయటపడుతూనే ఉంటాయి, పూడ్చేవాళ్ళు మాత్రం మామూలుగా ఇక రారు.

ఇది భయపెట్టడానికి చెప్తున్న మాట కాదు, మన రాష్ట్రంలోనే జరిగింది. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళన్నీ తాళం వేసేసి డబ్బులు అడిగే రకం. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఆ వైరస్ దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చేసింది. రెండు నెలల ముందే! ప్రపంచం మొత్తం మీద దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విండోస్ 7 మెషీన్లు, అంటే అప్పటికింకా సపోర్ట్ ఉన్నవే. అప్‌డేట్ వేసుకున్న విండోస్ 7 బతికిపోయింది, వేసుకోనిది పోయింది. కాబట్టి "కొత్త వెర్షన్ మంచిదా, పాత వెర్షన్ మంచిదా" అన్న గొడవ నాకు అంత ముఖ్యం కాదు. మీరు వాడేదానికి ఇవాళ్టికీ అప్‌డేట్లు వస్తున్నాయా, మీరు వేసుకుంటున్నారా, అది ముఖ్యం.

విండోస్ 10లో ఉంటూనే అప్‌డేట్లు తీసుకునే దారి ఇంకా ఒకటుంది. ఈఎస్‌యూ అంటారు, అంటే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు. ఇళ్ళల్లో వాడే మెషీన్లకి ఇది 2026 అక్టోబర్ 13 వరకు. మీ విండోస్ 10 ఆఖరి వెర్షన్ 22హెచ్2 అయ్యుండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి మీ సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఫ్రీ. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాదంటే 30 డాలర్లు లేదా దానికి సరిపడా మన డబ్బు. ఒక అకౌంట్ మీద 10 మెషీన్ల దాకా చెల్లుతుంది. బ్యాకప్ అనగానే ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నిటికీ టిక్ పెట్టేయకండి, వన్‌డ్రైవ్ ఫ్రీగా ఇచ్చేది 5 జీబీయే, ఒక్క పెళ్ళి ఆల్బమ్‌కి నిండిపోద్ది. సెట్టింగ్స్ ఒక్కటీ చాలు. డొమైన్‌కి కలిపిన ఆఫీసు కంప్యూటర్లకి ఈ స్కీము వర్తించదు. సంస్థలకి వేరేది ఉంది, మొదటి ఏడాదికి మెషీన్‌కి 61 డాలర్లు.

అంటే విండోస్ 10 వాళ్ళకి కొంత టైము దొరికినట్టే. ఆ టైములో ఏం చెయ్యాలి అన్నదే అసలు విషయం.

మీ మెషీన్ 11కి పనికొస్తుందో లేదో చూడ్డం పెద్ద పని కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, రన్ చేస్తే చెప్పేస్తుంది. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి తీసుకుంటుంది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి. ఈ 4 జీబీ అన్నది పేపరు మీద లెక్కండి. 4 జీబీతో 11 వాడటం అంటే పంటు మీద లారీ ఎక్కించి జనాన్ని కూడా ఎక్కించినట్టు. 8 లేకపోతే నా మాట విని వెళ్ళకండి. కొన్నిసార్లు టీపీఎం ఉంటుంది కానీ బయోస్‌లో ఆఫ్ అయ్యుంటుంది, "సపోర్ట్ లేదు" అని రాగానే కొత్తది కొనేయకుండా అది ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. "స్లోగా ఉంది, 11 వేస్తే ఫాస్ట్ అవుద్ది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. అవదు. పాత తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించండి, విండోస్ 10లోనే తేడా కళ్ళకి కనిపిస్తుంది. కొత్త సిస్టమ్ కొనే డబ్బులో అది చిన్న ముక్క.

రూఫస్ లాంటి టూల్‌తో ఈ చెకింగులన్నీ దాటేసి పాత మెషీన్‌లో కూడా 11 ఎక్కించొచ్చు. ఎక్కుతుంది. కానీ అలాంటి మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. మనం మారేదే అప్‌డేట్ల కోసం అయినప్పుడు, అవే గ్యారంటీ లేని దారిలో వెళ్ళడం ఏంటో నాకు అర్థం కాదు. పైగా 24హెచ్2 వెర్షన్ నుంచి కోర్ 2 డ్యుయో కాలం నాటి ప్రాసెసర్ల మీద అది బూటే అవదు.

ఇప్పుడు మన బాబాయ్ గారి దగ్గరికి వద్దాం. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని పక్కన పెట్టేసి ఇన్‌డిజైన్‌కి వెళ్ళిపోయింది. అయినా మన దగ్గర శుభలేఖ అంటే ఇవాళ్టికీ పేజ్‌మేకర్, దాని మీద అను ఫాంట్లు. ఈ అను ఫాంట్లు యూనికోడ్ కాదు. అంటే ఫైలులో నిజంగా దాగి ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్లు. వాటి మీద తెలుగు ముక్కలు అతికించి చూపిస్తుంది ఫాంటు. ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. అందుకే ఈయనకి విండోస్ మారడం అంటే విండోస్ ఒక్కటే మారడం కాదు. కీబోర్డు డ్రైవరు, ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ ఇవన్నీ కలిసి నిలబడాలి. ఒక్కటి పడినా ఆ రోజు షాపు మూసుకోవాల్సిందే, మాఘమాసం ముహూర్తాల్లో అయితే మరీను.

విండోస్ 11లో 32 బిట్ వెర్షన్ అసలు లేదు. ఇది షాపులవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. 32 బిట్ ప్రోగ్రాములు దాని మీద నడుస్తాయి, పేజ్‌మేకర్ 7 కూడా కంపాటిబిలిటీ సెట్టింగులతో కుస్తీ పడితే చాలాచోట్ల నడుస్తుంది. కానీ 16 బిట్ ముక్క ఏదున్నా, ఒక్కోసారి పాత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలరే అలాంటిది అయ్యుంటుంది, నడవదు. డ్రైవర్లు కచ్చితంగా 64 బిట్‌వే కావాలి. బాబాయ్ గారి మెషీన్‌లో ఉన్నది 32 బిట్ విండోస్ 10. అంటే సర్వీసు కుర్రాడు చెప్పినట్టు "పైన వేసేయడం" కుదరదు. 32 నుంచి 64కి అప్‌గ్రేడ్ దారి లేదు, మొత్తం తుడిచి కొత్తగా వెయ్యాలి. తుడవడం అన్న మాట కుర్రాడు చెప్పాడో లేదో తెలీదు. అడగండి. ప్రతి ఒక్కరూ అడగండి, "పైన వేస్తావా, ఫార్మాట్ చేస్తావా?" అని.

తెలుగు కోసమైతే 11కి వెళ్ళక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచే విండోస్ 10లో ఉంది. ఫాంట్ల విషయంలో మాత్రం ఒక తమాషా ఉంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి, మన కోనసీమకి తూర్పున పారే పాయ పేరే. చాలా ఆఫీసుల్లో పాత వర్డ్ ఫైళ్ళు, అర్జీలు, స్కూలు ప్రశ్నపత్రాలు దాంట్లోనే ఉన్నాయి. విండోస్ 10 నుంచి ఈ గౌతమి, వాణి ఫాంట్లని మామూలు ఇన్‌స్టాలేషన్‌లోంచి తీసి ఐచ్ఛికం చేశారు, ఇప్పుడు ముందుగా వచ్చేది నిర్మల యూఐ. కొత్తగా 11 వేసిన మెషీన్‌లో పాత ఫైలు తెరిస్తే అక్షరాల సైజు మారి, రెండు పేజీల ప్రశ్నపత్రం మూడో పేజీలోకి జారిపోవచ్చు. కంగారు పడకండి, ఏమీ పాడవలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఆప్షనల్ ఫీచర్స్, అక్కడ తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి ఇన్‌స్టాల్ చేసుకోండి. గౌతమి వెనక్కి వచ్చేస్తుంది.

దీనికన్నా ప్రమాదమైనది ఇంకోటుంది, ఇది కాస్త నెమ్మదిగా వినండి. కొత్తగా 11, అందులోనూ 24హెచ్2 వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా మెషీన్లలో డిస్క్ తనంతట తనే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. దాని రికవరీ కీ, 48 అంకెలు, ఆ అకౌంట్‌లో దాక్కుంటుంది. సర్వీసు సెంటర్లో మీ మెయిల్ లేదని ఆ కుర్రాడు తన సొంత మెయిల్‌తో లాగిన్ చేసేశాడనుకోండి. ఆర్నెల్ల తర్వాత బయోస్‌లో ఏదో మారి స్క్రీన్ మీద "కీ ఇవ్వండి" అని వస్తే, మీ డిస్కు తాళం అతని దగ్గర ఉంటుంది. అతను హైదరాబాదు వెళ్ళిపోయి ఉండొచ్చు, ఆ మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయి ఉండొచ్చు. కీ లేకపోతే ఆ ఫైళ్ళు ఎవరూ తియ్యలేరు, నేను కూడా తియ్యలేను. కాబట్టి మీ మెయిల్‌తోనే లాగిన్ చేయించండి, ఆ 48 అంకెలు ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. బ్యాంకు పాస్‌బుక్కుల పక్కన.

యాక్టివేషన్ సంగతి కూడా. అసలైన విండోస్ 10 ఉంటే 11 ఫ్రీ, ఎవరికీ కీ కోసం డబ్బులివ్వక్కర్లేదు. క్రాక్ చేసిందయితే ఆ క్రాక్ టూలే వైరస్ మోసుకొచ్చి ఉండొచ్చు, అలాంటిదాంట్లో కస్టమర్ల ఆధార్ కాపీలు పెట్టుకుని కూర్చోవడం నాకైతే నిద్రపట్టనివ్వదు.

మరి బాబాయ్ గారికి నేను చెప్పింది ఏంటంటే, ఆ మెషీన్ని కదపొద్దు. దాని నెట్ కేబుల్ పీకెయ్యండి. అది ఇక పేజ్‌మేకర్, అను, ప్రింటర్ పనికే. ఆధార్, అప్లికేషన్లు, బ్యాంకు, మెయిల్ అన్నిటికీ ఇంకో మెషీన్, సెకండ్ హ్యాండ్‌దైనా పర్లేదు, 8వ తరం పైది, ఎస్ఎస్‌డీ ఉన్నది, 11 నడిచేది. ఖర్చే, కాదనను. కానీ పదిహేనేళ్ళ ఫైళ్ళూ, ఊళ్ళోవాళ్ళ పత్రాలూ ఒకే డిస్కులో పెట్టి దాన్నే నెట్‌కి తగిలించడం కన్నా తక్కువ ఖర్చు.

నెట్ తీసేస్తే వైరస్ రాదా అంటే వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో. మన షాపుల్లో రోజుకి ఎన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారో మీకు తెలుసు. కస్టమర్ పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు కొత్త మెషీన్‌కే పెట్టి స్కాన్ చెయ్యాలి, అక్కణ్ణుంచి మీ సొంత పెన్‌డ్రైవ్‌తో పాతదానికి. కాస్త విసుగే, అలవాటైపోద్ది.

అలాగే ఫైళ్ళ సంగతి. ముఖ్యమైనవాటిని ఫాంట్లు లోపల ఇమిడిపోయేలా పీడీఎఫ్ చేసి దాచండి, అప్పుడు అను లేని మెషీన్‌లో కూడా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. మార్చడానికి కావాలంటే అసలు పేజ్‌మేకర్ ఫైలు కూడా ఉంచండి. రెండూ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టి, ఆ డిస్కు షాపులో కాకుండా ఇంట్లో ఉంచండి. లంక గ్రామాలవాళ్ళయితే మేడ మీద ఉంచండి, వరదొచ్చినప్పుడు కంప్యూటర్ మోసుకెళ్ళే టైము ఉండదు. ఉప్పు గాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు అయితే గాలి చొరబడని డబ్బాలో.

అప్‌గ్రేడ్ చేయించుకునేవాళ్ళకి ఆఖరుగా ఒకటి. ఆ పని రాత్రి పెట్టి పడుకోకండి. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది, మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు విండోస్ పాతదానికి తిరిగి వెళ్ళిపోతుంది గానీ, ప్రతిసారీ వెళ్తుందని చెప్పలేం. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ ఎన్ని నిమిషాలు ఆగుతుందో ముందు ఒకసారి మెయిన్ ఆపి చూడండి. పైన వేసి నచ్చకపోతే 10 రోజుల్లోపు రికవరీలోకి వెళ్ళి గో బ్యాక్ నొక్కితే 10 వెనక్కి వస్తుంది. ఆ 10 రోజుల్లోనే మీ ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్, డిజిటల్ సంతకం టోకెన్ అన్నీ ఒక్కొక్కటే తగిలించి చూసెయ్యండి. ఏదైనా పనిచెయ్యకపోతే దాని వెనకాల స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, అది నాకు పంపండి, 64 బిట్ డ్రైవరు ఉందో లేదో చూసి చెప్తాను.