మెటల్ బాడీ అయితే గట్టిదేనా? సందూకులోని పాత ఫిల్మ్ కెమెరా అసలు సంగతి

తిరుమలాయపాలెం మండలంలో పాతికేళ్ల కిందటి దాకా నికాహ్ అయినా, వలీమా అయినా, పక్కింటివాళ్ల ఓణీల ఫంక్షన్ అయినా ఫోటో అంటే రీలే. 36 ఫోటోల రీలు వేసుకుని, ఒక్కో ఫోటో లెక్కబెట్టి తీసేవాళ్లు. ఆ కెమెరాల్లో కొన్ని కబాడీకి పోయాయి. కొన్ని ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి, సందూకు అడుగున పాత శాలువాల మధ్య, లేదంటే అటక మీద. రంజాన్ ముందు ఇల్లు దులిపేటప్పుడు బయటపడుతుంటాయి.

బయటపడగానే ఇంట్లో జరిగే తీర్పు దాదాపు ఒకటే. చేతికి బరువు తగిలితే "ఇది మెటల్‌ది, ఖరాబు కాదు, ఉంచండి" అంటారు. తేలిగ్గా ఉంటే "ప్లాస్టిక్ డబ్బా, పారేయండి" అంటారు. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కెమెరా కొనే కుర్రాళ్లకు వినిపించే మాట కూడా అదే: ఫుల్ మెటల్ బాడీ భాయ్. ఆ ఒక్క మాట మీదే ధర పెరుగుతుంది. ఫిల్మ్ ఫోటోగ్రఫీ మీద మళ్లీ మోజు పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోకపోతే డబ్బులూ పోతాయి, ఫోటోలూ పోతాయి.

బాడీ చేయాల్సింది రెండే పనులు

డిజిటల్ కెమెరాలో బాడీ అంటే సెన్సార్, బ్యాటరీ, బోర్డులు పట్టి ఉంచే పెట్టె. ఫిల్మ్ కెమెరాలో అది అంతకంటే ముందు ఒక చీకటి గది. రీలు లోపల ఉన్నన్ని రోజులూ, అది వారమైనా ఆరు నెలలైనా, లెన్స్ దారిలో తప్ప ఇంకెక్కడి నుంచీ వెలుతురు రాకూడదు. సూది మొనంత సందు చాలు, ఫోటో మీద చార పడుతుంది. కలర్ ఫిల్మ్‌లో వెనక తలుపు సందులోంచి వచ్చిన వెలుతురు చాలాసార్లు నారింజ, ఎరుపు రంగు మరకగా కనిపిస్తుంది. ఎందుకంటే అది ఫిల్మ్‌కి ఉన్న నారింజ రంగు పొరను దాటుకుని వస్తుంది. పాత ఆల్బమ్‌లలో దూలన్ దుపట్టా మీద మంటలాంటి చార కనిపిస్తే ఎక్కువసార్లు కారణం ఇదే.

రెండో పని దూరం కాపాడటం. లెన్స్ బిగించే రింగుకీ ఫిల్మ్‌కీ మధ్య దూరం కంపెనీ పెట్టిన కొలతలోనే ఉండాలి. పెంటాక్స్ కె మౌంటుకు అది 45.46 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్ మౌంటుకు 46.5. ఇందులో మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా, లెన్స్ పూర్తిగా తెరిచి తీసిన ఫోటోలో కళ్లకు బదులు చెవులు స్పష్టంగా వస్తాయి.

ఇక్కడే మన ఎండలు లెక్కలోకి వస్తాయి. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెల అంటే 45 డిగ్రీల మాట మామూలే. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు అనుకుంటే తేడా 30 డిగ్రీలు. అంత తేడాకు 45 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క సుమారు 0.03 మిల్లీమీటరు సాగుతుంది. అంతే పొడవున్న ఉత్త పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ సుమారు 0.09 సాగుతుంది, అంటే మూడింతలు. అందుకే మంచి కెమెరా పైకి ప్లాస్టిక్‌గా కనిపించినా లోపల లెన్స్ రింగుకీ ఫిల్మ్ పట్టాలకీ మధ్య ఉండే అస్థిపంజరం పోత పోసిన అల్యూమినియంతోనో, గాజు పీచు కలిపిన గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తారు. అసలు చూడాల్సింది ఆ అస్థిపంజరాన్ని. పై తొడుగు చొక్కా లాంటిది.

టేకు రోజుల నుంచి

ఈ గొడవ కొత్తది కాదు. ఇంగ్లండ్‌లో చేసిన పాత చెక్క కెమెరాలు ఎక్కువగా మహాగనితో, జిగురు అతుకులతో ఉండేవి. అవి మన దేశానికి వచ్చేసరికి వానాకాలంలో చెక్క ఉబ్బేది, ఎండాకాలంలో జిగురు ఊడేది, తోలును పురుగు తినేది. దాంతో కంపెనీలు వేడి దేశాల కోసం ప్రత్యేకంగా 'ట్రాపికల్' మోడళ్లు తెచ్చాయి. శాండర్సన్, థార్న్‌టన్ పికార్డ్ లాంటి పేర్లు ఆ కాలంవే. వాటిలో చెక్క టేకు. మూలల్లో జిగురును నమ్మకుండా ఇత్తడి పట్టీలు, ఇత్తడి మరలు వేశారు. కొలిమి తిత్తిలా ముడుచుకునే భాగానికి పురుగు పట్టని రష్యన్ తోలు వాడారు. టేకుకి చెదలు ఎందుకు పట్టదో భద్రాచలం అడవి అంచున ఇల్లు కట్టుకున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ కర్రలోనే నూనె ఉంటుంది.

ఆ పెట్టె కెమెరాల కాలంలోనే హైదరాబాద్ రాజ్యంలో రాజా దీన్ దయాళ్ పనిచేశారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిన ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా నడిపారు. నిజాం ఆయనకిచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. లోహపు బాడీ లేని కాలంలోనే ఇంత పని జరిగింది.

ప్లాస్టిక్‌లో అన్నీ ఒకటి కావు

కోడాక్ కంపెనీ 1900లో ఒక డాలరుకు అమ్మిన బ్రౌనీ కెమెరా అట్ట పెట్టె. పైన తోలులా కనిపించే గుడ్డ అంటించారు. ఆ తర్వాత బేకలైట్ వచ్చింది. లియో బేక్లాండ్ 1907లో కనిపెట్టిన ఈ పదార్థం వేడికి మెత్తబడదు, చెమటకు తుప్పు పట్టదు. కానీ కింద పడితే పింగాణీ పళ్లెంలా పగులుతుంది. సోవియట్ యూనియన్ నుంచి మన దేశానికి వచ్చిన లూబిటెల్ 2 బాడీ ఈ రకమే. మండపం మీది నుంచి పడ్డ లూబిటెల్‌ను అతికించి వాడొచ్చు అనుకోవడం దండగ. అతుకు దగ్గర వెలుతురు దూరుతుంది.

మన ఇళ్లలో ఎక్కువ కనిపించేది అగ్ఫా క్లిక్ 3. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారు చేసింది. 120 రీలు వేస్తే 12 చదరపు ఫోటోలు వచ్చేవి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీళ్లు కూడా మార్కెట్లో దొరికిన రోజులవి. క్లిక్ 3 బాడీ ప్లాస్టిక్. లెన్స్ ఒక్క పలక, ఫోకస్ అంటూ ఏమీ లేదు. ఇంత సాదా వస్తువు కాబట్టే అది బతికింది. పాడవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. లెన్స్ రంధ్రం చిన్నది కాబట్టి ప్లాస్టిక్ కొంచెం సాగినా ఫోటోలో తేడా తెలియదు. వెనక ఎర్ర కిటికీ మూత సరిగ్గా పడుతుందో లేదో చూసుకుంటే చాలు. కబాడీవాడు తూకంలో పైసా కూడా ఇవ్వని ఈ డబ్బా, పక్కనే ఉన్న బరువైన జపాన్ కెమెరా కంటే ముందు పనిలోకి దిగే అవకాశం ఎక్కువ.

తర్వాత ఏబీఎస్, పాలీకార్బొనేట్ వచ్చాయి. ఇవి కింద పడితే దెబ్బను కొంత మింగుతాయి, వంగి మళ్లీ యథాస్థితికి వస్తాయి. 1976లో కెనాన్ ఏఈ-1 పై మూతను ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసి, పైన లోహపు పూత వేశారు. చూస్తే అచ్చం మెటలే. ఇప్పటికీ సంతల్లో దాన్ని "ఫుల్ మెటల్" అనే అమ్ముతున్నారు. చెంపకు ఆనించి చూస్తే తేడా తెలుస్తుంది. లోహం చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు. మే నెల మధ్యాహ్నం మాత్రం ఈ పరీక్ష పనికిరాదు!

నికాన్ ఎఫ్ఎం10 ఇంకో మంచి ఉదాహరణ. 1995లో వచ్చిన ఈ కెమెరాను నికాన్ కోసం తయారు చేసింది కొసీనా కంపెనీ. బరువు 420 గ్రాములు, తొడుగు ప్లాస్టిక్, లోపలి ఫ్రేము లోహం. దాదాపు ఇదే అస్థిపంజరం మీద యాషికా ఎఫ్ఎక్స్-3, ఒలింపస్ ఓఎం-2000, వివిటార్ వి3800ఎన్ కూడా వచ్చాయి. చొక్కాలు వేరు, మనిషి ఒక్కడే. పేరు చూసి ఒకదానికి రెండింతలు పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే జేబుకు మంచిది.

లోహం బలం, లోహం బలహీనత

అసలైన మెటల్ కెమెరాలకు పేరు ఊరికే రాలేదు. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 బరువు 540 గ్రాములు. బాడీ అల్యూమినియం మిశ్రమ లోహం, షట్టర్ రేకులు మొదట్లో టైటానియం, తర్వాత అల్యూమినియం. బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది, లైట్ మీటరు మాత్రమే ఆగిపోతుంది. 1976 నుంచి 1997 దాకా వచ్చిన పెంటాక్స్ కె1000 కూడా అంతే. అయితే చైనాలో తయారైన చివరి కె1000లకు పై మూత, కింది మూత ప్లాస్టిక్. ఒకే పేరు, ఒకే రూపం, పదార్థం వేరు.

కానీ లోహం వంగితే మళ్లీ తిరిగి రాదు. మూల మీద సొట్ట పడితే అందానికి నష్టం, అంతవరకే. లెన్స్ రింగు దగ్గర దెబ్బ తగిలితే మాత్రం ఆ దూరం ఒక పక్క తగ్గుతుంది. ఫోటోలో కుడివైపు చుట్టాలు స్పష్టంగా, ఎడమవైపు వాళ్లు మసకగా వస్తారు. వెనక తలుపు వంగితే చీకటి గదికి సందు పడినట్టే. నల్ల రంగు అరిగి పసుపు మెరుపు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది ఇత్తడి. వాడిన కెమెరా అని గుర్తు, అంతే.

చనిపోయేది బాడీ కాదు, స్పాంజి

1970, 80ల నాటి జపాన్ కెమెరాల్లో వెనక తలుపు గాడిలో, అద్దం కొట్టుకునే చోట నల్ల స్పాంజి అంటించారు. అది పాలీయూరిథేన్. గాలిలో తేమ తాకి తాకి ఆ పదార్థం విడిపోతుంది. మొదట జిగటగా తారులా మారి, తర్వాత పొడిగా రాలుతుంది. బాడీ ఎంత గట్టి లోహమైనా ఈ స్పాంజి పోతే కెమెరా వెలుతురు కారే కుండే. గోదావరి వైపు వానాకాలం తేమకు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మెటల్ కెమెరా కొని నికాహ్ తీసి, రీలంతా చారలతో తిరిగొచ్చి పరేషాన్ అయ్యేవాళ్లలో చాలామందికి అసలు దోషి ఇదే.

మరమ్మతు పెద్ద కష్టం కాదు. పాత జిగటను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో, అగ్గిపుల్లతో మెల్లగా తీసి కొత్త స్పాంజి అంటించాలి. తలుపు గాడికి నల్ల ఊలు దారం కూడా సరిపోతుంది. కొన్ని పాత కెమెరాల్లో అసలు వాడింది దారమే. షట్టర్ తెర మీద, అద్దం మీద మాత్రం చెయ్యి పడకూడదు.

తెర కూడా చూడాలి. పెంటాక్స్ కె1000, జెనిట్ లాంటి వాటిలో తెర రబ్బరు పూసిన గుడ్డ. మడతల దగ్గర పగిలి సూది రంధ్రాలు పడతాయి. లెన్స్ వెనక అద్దం లేని రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో, మూత తీసి సూర్యుడి వైపు వదిలేస్తే లెన్సే భూతద్దమై తెరకు కన్నం పెడుతుంది.

ఇక ఫంగస్. దానికి బాడీ ఏదైనా ఒకటే. తేమ, చీకటి, కదలని గాలి దొరికితే లెన్స్ లోపల సాలెగూడులా పాకుతుంది, చివరికి గాజునే తింటుంది. సందూకు, తోలు కవరు రెండూ దానికి ఇష్టమైన ఇళ్లు. తోలు కవరు కెమెరాకు రక్ష అనుకుంటారు కానీ అది తేమను పట్టి ఉంచుతుంది. నాఫ్తలీన్ ఉండలు కూడా వేయకూడదు, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అవి మెత్తబరుస్తాయి. పాత స్టూడియోల వాళ్లు బీరువాలో జీరో వాట్ బల్బు వెలిగించి ఉంచేవాళ్లు. ఆ కాస్త వెచ్చదనానికే తేమ చేరేది కాదు. ఇప్పుడైతే మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేస్తే చాలు.

అకౌంట్ పుస్తకాల్లో యంత్రానికి ఏటా తరుగుదల రాస్తారు, వాడకానికి అరుగుతుందని. కెమెరాకు వాడకుండా పెట్టినా తరుగుదల తప్పదు. లోపలి గ్రీజు గడ్డకట్టి షట్టర్ నెమ్మదిస్తుంది, మరిచిపోయిన బ్యాటరీ కారి ఇత్తడి పలకలను పచ్చగా తినేస్తుంది. నెలకోసారి అన్ని వేగాల్లో షట్టర్ నొక్కి, స్ప్రింగు బిగించకుండా వదిలి పెట్టాలి.

కొనేటప్పుడైనా, ఇంట్లోది తీసేటప్పుడైనా ముందు వెనక తలుపు తెరిచి గాడిలో గోరుతో తాకి చూడాలి. నల్లగా అంటుకుంటే స్పాంజి పోయినట్టు. లెన్స్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి లోపల దారాలు ఉన్నాయేమో చూడాలి. ఆ తర్వాత ఒక రీలు పొలం గట్టు మీదో, ఇంటి ముందో తీసి కడిగించాలి. ఎండలో మెడకు వేలాడదీసుకుని కొన్ని, నీడలో కొన్ని. అది చారలు లేకుండా తిరిగొచ్చాకే ఎవరి పెళ్లికైనా ఆ కెమెరా పట్టుకెళ్లాలి.