గండిపేటకు ఎగువన మట్టికట్టలు



గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు విడిచిపోలేరని మన ఊళ్ళో ఒక మాట ఉంది. ఇప్పుడు మన కుళాయిల్లో ఎక్కువగా వచ్చేవి కృష్ణ, గోదావరి, మంజీర నీళ్ళేననుకోండి. అయినా ఆ మాట మాత్రం పోలేదు. ఆ చెరువు ఎందుకు కట్టారో కోఠి ప్రాంతం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, మన పక్కనున్న అఫ్జల్‌గంజ్ మునిగిపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాతే 1920లో మూసీ మీద గండిపేట, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి.

మరి ఆ వరదంతా అఫ్జల్‌గంజ్‌లో కురిసిన వాన కాదు కదా! పైన వికారాబాద్ అనంతగిరి గుట్టల దగ్గరినుంచి, శంకర్‌పల్లి చేలమీదుగా, బీళ్ళమీదుగా దిగివచ్చిన నీళ్ళవి. ఆ వాలు నేలల్లో అడ్డంగా అడుగు, రెండడుగుల ఎత్తున మట్టికట్టలు వేస్తే, చిన్న చిన్న కందకాలు తవ్వితే ఏమవుతుంది? నీరు నిలుస్తుందా, గడ్డి మొలుస్తుందా, మట్టి కొట్టుకుపోకుండా ఆగుతుందా? వినడానికి చిన్న ప్రశ్నే. దీనికోసం శాస్త్రజ్ఞులు ఏళ్ళకేళ్ళు కొలతలు తీస్తూ కూర్చున్నారు.

చపాతీ పిండి కలిపేటప్పుడు మనం ఏం చేస్తాం? పిండి కుప్పగా పోసి మీదనుంచి నీళ్ళు పోస్తే పక్కలకు జారిపోతాయి, లోపల పొడిగానే ఉంటుంది. అందుకని మధ్యలో గుంట చేసి పోస్తాం. నీళ్ళు అక్కడ కాసేపు ఆగి మెల్లగా పీలుస్తాయి. కందకం పనీ అంతే. మన ఎర్ర చల్క నేలలకు ఇంకో గుణం ఉంది. గడ్డి పోయి బోడిగా ఉన్న నేలమీద వానచినుకులు టపటపా కొడితే సన్నమట్టి చెదిరి నేల రంధ్రాలు మూసుకుపోతాయి. చల్లారిన పాలమీద మీగడ కట్టినట్టు పైన ఒక పొర కడుతుంది. ఆ తర్వాత ఎంత వాన పడ్డా లోపలికి దిగదు. పైమట్టితోబాటు గడ్డిగింజలు కూడా కొట్టుకుపోతాయి. గడ్డి లేక నేల గట్టిపడటం, గట్టిపడ్డ నేలలో గడ్డి రాకపోవడం, ఇలా తిరుగుతూ ఉంటుంది.

కందకం తవ్వి ఆ మట్టిని దిగువ వైపు కట్టగా వేస్తారు. ఎక్కడపడితే అక్కడ తవ్వితే లాభం లేదు. వాలుకు అడ్డంగా, కట్ట పొడుగునా ఒకే మట్టంలో ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు నీళ్ళు నింపిన సన్నగొట్టం పట్టుకుని మట్టం చూస్తారే, అంత జాగ్రత్త కావాలి. ఒకవైపు కాస్త వాలిందా, నీళ్ళన్నీ ఆ మూలకే చేరి గండి కొడతాయి. కట్ట వేయకముందు పలచగా పారే నీరు గండిలోంచి ఒక్కచోటే దూకి కొత్తగా ఒర్రె పెడుతుంది. అంటే చెడ్డకట్ట కంటే కట్ట లేకపోవడమే మేలన్నమాట!

సరే, మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది? వానలు బాగా పడిన ఏడు కట్ట ఉన్నా లేకపోయినా పచ్చగానే ఉంటుంది. అందుకని పక్కపక్కనే ఉన్న రెండు నేలలు తీసుకుని, ఒకదాంట్లో కట్టలు వేసి రెండోదాన్ని అలాగే వదిలి, అదే వానకు రెండింటినీ కొలవాలి. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లి గ్రామంలో 1999 నుంచి అలా చేశారు. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ మరికొన్ని సంస్థలతోనూ, గ్రామస్థులతోనూ కలిసి 465 హెక్టార్లలో ఈ పని పెట్టుకుంది. గట్లు, వాగులమీద చెక్‌డ్యాములు, ఇంకుడుగుంటలు, ఒర్రెలకు అడ్డుకట్టలు వేశారు. గట్లమీద గ్లిరిసీడియా మొక్కలు నాటారు. నీరు బయటికి పోయే చోట ఎంత నీరు పోతోందో, అందులో ఎంత మట్టి ఉందో పట్టిచూసే యంత్రాలు అమర్చారు. ఊళ్ళోని బావుల్లో నీటిమట్టం కూడా చూస్తూ వచ్చారు.

2000వ సంవత్సరం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆగస్టు 24న మన నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ ఏడాది కొత్తపల్లిలో కట్టలు లేని నేలనుంచి 118 మిల్లీమీటర్ల నీరు బయటికి పారిపోతే, కట్టలున్న నేలనుంచి 65 మిల్లీమీటర్లే పోయింది. మిల్లీమీటర్లంటే మనకేం తెలుస్తుంది! లెక్క వేసి చూస్తే హెక్టారుకు, అంటే రెండున్నర ఎకరాలకు, ఆగిన నీరు 5 లక్షల 30 వేల లీటర్లు. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు 106 అన్నమాట. మట్టి సంగతి చూడండి. కట్టలు లేనిచోట హెక్టారుకు నాలుగు టన్నుల పైన కొట్టుకుపోతే, ఉన్నచోట ఒకటిన్నర టన్నులు కూడా పోలేదు.

కొత్తపల్లిలో ఎక్కువ భాగం సాగుభూమి. పూర్తిగా మేతబీడు మీద చేసిన పని కావాలంటే ఆస్ట్రేలియా దాకా వెళ్ళాలి. అక్కడ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో నింగన్ అనే ఊరి చుట్టుపక్కల గొర్రెలు అతిగా మేసి, పైమట్టి ఎగిరిపోయి బోడిపడ్డ బయళ్ళున్నాయి. గుర్రపు లాడం ఆకారంలో కట్టలు వేసి నాలుగంగుళాల లోతున వాననీరు నిలబెట్టారు. నిలిచిన నీరు నేలలోని ఉప్పును కిందికి దించింది. ఆరినప్పుడు నేల బీటలు వేసింది, ఆ బీటల్లో గింజలు చిక్కుకుని మొలకెత్తాయి. ముందు ఉప్పుకు తట్టుకునే పొదలు, తర్వాత గడ్డి వచ్చాయి.

మన దగ్గర గడ్డి విషయంలో ఒక చిక్కుంది. కందకం పక్కన లేతగడ్డి మొలవగానే మేకలు వాసన పట్టేస్తాయి. వేరు నిలదొక్కుకునే దాకా, కనీసం ఒకటి రెండు వానాకాలాలు, పశువుల్ని తోలకుండా ఉండాలి. భూమి ఉన్న రైతుకు అది పెద్ద కష్టం కాదు. నాలుగు మేకలే ఆస్తిగా ఉన్న ఇల్లాలు ఆ రెండేళ్ళు ఎక్కడికి తోలుకుపోవాలి? కట్టకు డబ్బు మంజూరు చేసేవాళ్ళు ఈ ప్రశ్న ముందే అడగాలని నా అభిప్రాయం. గడ్డి కోసుకుపోయే హక్కు అలాంటివాళ్ళకే ముందు ఇస్తే వాళ్ళే కాపలా ఉంటారు.

ఇక మన గండిపేట మాట. కొత్తపల్లి నీళ్ళు చివరికి చేరేది ఆ చెరువులోకే. అక్కడి లెక్కలన్నీ కంప్యూటరులో పెట్టి చూసిన శాస్త్రజ్ఞులు 2012లో ఒక సంగతి రాశారు. ఈ పనులన్నీ చేసిన నేలనుంచి బయటికి వచ్చే నీరు సగం కంటే తగ్గిపోతుందట. ఊరూరా ఇలాగే చేస్తే దిగువవాళ్ళకు గట్టిదెబ్బే. పైవాళ్ళ బావి నిండితే మన చెరువు వెలితి పడుతుందన్నమాట. ఇది విని మనకు కోపం రావాలా? వాన పడింది వాళ్ళ చేలో. వాళ్ళ బావి ముందు నిండడం న్యాయమేననిపిస్తుంది నాకు. మనకైతే కృష్ణ నీళ్ళు ఎంతో దూరంనుంచైనా పైపుల్లో వస్తాయి.

అదే లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. వాగుల్లోకి చేరే మట్టి మునుపటిలో పదోవంతు కూడా ఉండదట. చెరువు అడుగున ఒండ్రు చేరినకొద్దీ నీళ్ళకు చోటు తగ్గుతుంది, ఆ ఒండ్రు తీయాలంటే మళ్ళీ లారీలు పెట్టి ఎత్తించాల్సిందే.