యంత్రానికీ ఒక దుబాసీ: పోస్ట్ ప్రాసెసర్

శ్రీ విజయపురంలోని డైరీ ఫార్మ్ వీధులలో కొద్దిసేపు నిలబడితే తెలుగు, తమిళం, బెంగాలీ, మలయాళం మన చెవిన పడతాయి. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలువబడిన ఈ నగరంలో ఒక ఇంటివారి మాట పక్కింటివారికి చేరాలంటే తరచుగా హిందీ మధ్యవర్తిగా నిలుస్తుంది. పూర్వం రేవు పట్టణాలలో ఇటువంటి పని చేసినవారిని మనవారు దుబాసీలన్నారు. కంప్యూటర్ నియంత్రణలో నడిచే యంత్రాలకు కూడా అటువంటి దుబాసీ ఒకటి ఉన్నది. దాని పేరు పోస్ట్ ప్రాసెసర్. వర్క్‌షాపులలో పనిచేసే మన సోదర ఉద్యోగుల నోట వినిపించే ఈ పేరు వెనుకనున్న విషయాన్ని వారి కుటుంబ సభ్యులకు కూడా తెలియజేయాలన్నదే మా ఉద్దేశం.

రెండు అంచెల పని

ఒక లోహపు ముక్క యంత్రభాగంగా మారే ముందు కంప్యూటర్‌లో దాని రూపం సిద్ధమవుతుంది. ఏ కట్టర్ వాడాలి, ఎంత వేగంతో, ఏ దారిలో నడపాలి అన్నది ఇంజనీరు నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయాల ననుసరించి కామ్ సాఫ్ట్‌వేర్ కట్టర్ మొన ఏయే బిందువుల గుండా సాగాలో లెక్క కడుతుంది. ఈ లెక్కను కట్టర్ లొకేషన్ డేటా అంటారు. ఇది ఏ ఒక్క యంత్రానికీ చెందినది కాదు. దీనిని ఫలానా యంత్రం గ్రహించగలిగే ఆజ్ఞలుగా మార్చడమే పోస్ట్ ప్రాసెసర్ పని. ప్రధాన గణన ముగిసిన తరువాత జరిగే పని కనుక దానికా పేరు వచ్చినది.

ఈ విభజన కొత్తది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థ 1952లో సంఖ్యా నియంత్రిత మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించినది. అదే సంస్థ ఆధ్వర్యంలో రూపొంది 1959లో లోకానికి పరిచయమైన ఏ.పి.టి. భాష ఈ పద్ధతికి పునాది వేసినది. ఆకృతి లెక్క అన్ని యంత్రాలకూ ఒక్కటే. అనువాదం మాత్రం యంత్రానికొకటి.

మాట ఒకటే, అర్థాలు వేరు

యంత్రాల భాషకు ప్రమాణాలు లేకపోలేదు. 1980లో అమెరికాలో ఆర్‌.ఎస్.-274-డి, 1982లో అంతర్జాతీయంగా ఐ.ఎస్.ఓ. 6983 వెలువడ్డాయి. అయినప్పటికీ తయారీదారులు ఎవరి మాండలికాన్ని వారు పెంచుకున్నారు. 'జి71' అన్న ఆజ్ఞనే తీసుకుందాం. సీమెన్స్ వ్యవస్థలో దాని అర్థం కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయని. ఫానుక్ లేత్‌పై అదే ఆజ్ఞ ముతక కోత మొదలుపెట్టమని చెబుతుంది! అనేక ఫానుక్ యంత్రాల అమరికలో 'ఎక్స్10.' అంటే 10 మిల్లీమీటర్లు. చివరి చుక్క మరచితే అది మిల్లీమీటరులో నూరవ వంతుగా మారిపోతుంది. 'జి04 పి500' అంటే ఫానుక్ యంత్రం అర సెకను ఆగుతుంది, లినక్స్ సి.ఎన్.సి. వ్యవస్థలో 500 సెకన్లు, అనగా ఎనిమిది నిమిషాలకు పైగా ఆగిపోతుంది.

మెలితిరిగిన టర్బైన్ బ్లేడు వంటి వాటిని కోసే ఐదు అక్షాల యంత్రాల విషయంలో చిక్కు మరింత పెరుగుతుంది. ఒక యంత్రంలో బల్ల వంగుతుంది, మరొక దానిలో తల వంగుతుంది. కట్టర్ చూడవలసిన దిక్కు ఒక్కటే అయినా ఈ రెండింటికీ ఇవ్వవలసిన కోణాలు వేరు. ఆ యంత్రపు అక్షాల అమరికను, వాటి తిరుగుడు పరిమితులను పోస్ట్ ప్రాసెసర్ ఎరిగి ఉండాలి.

సికింద్రాబాదులో 1943లో స్థాపితమైన ప్రాగా టూల్స్ వంటి కర్మాగారాలలో చేతి చక్రాలు తిప్పి పనిచేసిన తరానికి తమ యంత్రం గుణం వేళ్ల కొసలలో ఉండేది. నేడు ఆ పరిజ్ఞానంలో కొంత భాగం పోస్ట్ ప్రాసెసర్‌లో భద్రమై ఉన్నది.

ద్వీపాలలో దీని ప్రాముఖ్యం

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుండి ఓడ ఈ ద్వీపాలకు చేరడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. పడవ పంపుకు కావలసిన ఒక చిన్న బుష్ ఇక్కడే తయారు చేసుకోగలిగితే ఎంత కాలం కలిసివస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. అందుకు కావలసిన ప్రోగ్రాం హైదరాబాదు నుండి క్షణంలో రావచ్చు. కాని అక్కడి యంత్రం కోసం సిద్ధం చేసిన ఆజ్ఞలను యథాతథంగా ఇక్కడి యంత్రంలో వేస్తే కట్టర్ పోయి బిగింపులను ఢీకొనవచ్చు, స్పిండిల్ చెడిపోవచ్చు. అప్పుడు బుష్‌కు బదులు స్పిండిల్ కోసం ఓడ రాకకు ఎదురు చూడవలసి వస్తుంది. ఆపై యంత్రం వద్ద నిలబడిన మనిషి క్షేమం అన్నిటికంటే ముఖ్యం.

కావున దూరం నుండి తెప్పించుకోవలసినది తయారైన ఆజ్ఞలను కాదు. భాగపు నమూనాను, కామ్ ఫైలును. వాటిని ఇక్కడి యంత్రానికి చెందిన పోస్ట్ ప్రాసెసర్ ద్వారానే తిరిగి అనువదించాలి. మరొక్క సంగతి: కంప్యూటర్ తెరపై మనం చూసే అనేక నమూనా కోతలు అనువాదానికి ముందున్న లెక్కను మాత్రమే చూపుతాయి. అనువాదంలో దొర్లిన తప్పు అక్కడ కనబడదు. అందుచేత చివరి ఆజ్ఞలనే పరీక్షించాలి. ముక్కకు పైన గాలిలో ఒకసారి నడిపి, వేగం తగ్గించి, ఒక్కొక్క వరుసగా ముందుకు సాగాలి. పోస్ట్ ప్రాసెసర్‌లో చేసిన ప్రతి మార్పునూ తేదీతో, కారణంతో పుస్తకంలో నమోదు చేయాలి. లేనిచో మార్చినవారు బదిలీ అయిననాడు ఆ జ్ఞానం కూడా వారితో వెళ్లిపోతుంది.

"అంతా కంప్యూటరే చేస్తుంటే మీరు చేసేదేమిటి నాన్నా?" అని ఇంట్లో పిల్లలు అడిగితే మన సోదరులు సంకోచించనక్కరలేదు. దుబాసీ చెప్పినది సరిగా ఉన్నదో లేదో తేల్చవలసినది రెండు భాషలూ ఎరిగిన మనిషే. ఆ బాధ్యత నేటికీ మన చేతులలోనే ఉన్నది.