ధ్రువం మీదుగా బెంగుళూరుకు

బాలలారా! ఒక చిక్కు లెక్క చెబుతాను, వినండి.

2021 జనవరి 9వ తేదీ రాత్రి సుమారు 8-30 గంటలకు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒక ఎయిరిండియా విమానం బయలుదేరింది. ఎక్కడా దిగకుండా వచ్చి, 11వ తేదీ తెల్లవారుజామున 3 గంటలు దాటాక బెంగుళూరులో వాలింది. తేదీలు చూస్తే 30 గంటలకు పైగా ప్రయాణం చేసినట్టు కనబడుతుంది. కాని ఆ విమానం ప్రయాణించినది సుమారు 17 గంటలే! మరి మిగిలిన గంటలు ఏమైనట్టు?

భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నది గనక అన్ని దేశాలలోనూ ఒకేసారి తెల్లవారదు. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మన గడియారం కన్న పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ 9వ తేదీ రాత్రి 8-30 అయినప్పుడు మనకు 10వ తేదీ పగలు 10 గంటలు. దానికి 17 గంటలు కలపండి. 11వ తేదీ తెల్లవారుజామున 3 గంటలవుతుంది. లెక్క సరిపోయిందా? అమెరికా నుంచి వచ్చే అన్నయ్యకు ఎదురు వెళ్ళేవారు ఈ లెక్క తప్పితే, ఒక రోజు ముందో వెనకో వెళ్ళి విమానాశ్రయంలో నిలబడవలసి వస్తుంది!

ఇక దారి సంగతి. గోడమీది పటం చూస్తే, విమానం తూర్పుగానో పడమరగానో పోవాలనిపిస్తుంది. కాని పటం చదునుగా ఉంది. భూమి గుండ్రంగా ఉంది. గ్లోబు మీద ఈ రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగుతుగా లాగి పట్టండి. అది ఉత్తరధ్రువానికి దగ్గరగా పోతుంది! ఎందుకంటే ఈ నగరాలు ధ్రువానికి దాదాపు చెరొక వైపున ఉన్నాయి.

దూరం కట్టటం కూడా సులభమే. ధ్రువం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 52 డిగ్రీలు, బెంగుళూరుకు 77 డిగ్రీలు, మొత్తం 129. డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. హెచ్చవేస్తే 14,319 వస్తుంది. దారం కచ్చితంగా ధ్రువం మీద గాక కొంచెం పక్కగా పోతుంది గనక, అసలు దూరం ఇంకా కాస్త తక్కువ: సుమారు 14,000 కిలోమీటర్లు.

దగ్గరిదారి గదా అని ఎవరు పడితే వారు పోలేరు. అక్కడ దిక్సూచి ముల్లును నమ్మటానికి లేదు. విమానం ఎగిరే ఎత్తులో చలి విపరీతం. సున్నకు దిగువ 40 డిగ్రీల దగ్గర ఇంధనమే గడ్డకట్టనారంభించవచ్చు. అప్పుడు విమానాన్ని కొంత వెచ్చని గాలిలోకి దింపటమో, వేగం పెంచటమో చేయాలి. ఏదైనా ఆపద వస్తే దిగటానికి విమానాశ్రయాలు బహు తక్కువ. అందుచేత ఎక్కడ దిగవచ్చునో ముందుగానే నిర్ణయించుకుని మరీ బయలుదేరుతారు.

అటువంటి దారిన ఆ విమానాన్ని నడిపిన పైలట్లందరూ స్త్రీలే! కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించగా పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్ ఆమెతో ఉన్నారు. ధైర్యం ఒక్కటే చాలదు. వారికి భూగోళమూ, లెక్కలూ బాగా వచ్చి ఉండాలి.

ఇప్పుడు మీ వంతు. ఒక విమానం బెంగుళూరులో జనవరి 11 మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరి, 16 గంటలు ప్రయాణం చేసిందనుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏ తేదీన, ఎన్ని గంటలకు దిగుతుంది? జవాబు వచ్చాక లెక్క తప్పిందనుకుని కొట్టివేయకండి. మరొకసారి చేసి చూడండి!